పెన్సిలుతో కొట్టేసిన ఆఖరి రంగం

నాటకం ఆఖరి పేజీ చదివి మాయమ్మ నా చెంప మీద ఒక్కటి పీకింది. రాసినోడు ఏ కాలంలోనో చచ్చినాడు, వాడు దొరకడు. పుస్తకం తెచ్చినదాన్ని నేను దొరికినా. ముప్పై దాటినదాన్ని, ప్రొద్దుటూరులో బట్టలంగట్లో పదిమందికి పని చెప్పేదాన్ని, మా ఇంటి వసారాలో చిన్నపిల్లను కొట్టినట్ల కొట్టింది. నాకూ కోపం ముక్కు మీదనే ఉంటాది. అప్పటికప్పుడే ఎదురు తిరిగి నాలుగు మాటలు అనేదాన్నే గానీ, మాయమ్మ చేతులు వణుకుతాండాయి. అవి వణకడం నేను ఎప్పుడూ చూడలే. మా నాయన శవం ఇంటికొచ్చిన రోజు గూడా వణకలే.

మాది సింహాద్రిపురం దగ్గర పల్లె. చీనీ బత్తాయి చెట్లు, అరటి తోట, ఊర్లో మాట చెల్లే ఇల్లు. మా నాయన సంజీవయ్య ఏడాదంతా సేద్యగాడు, తిరునాళ్లకు మాత్రం రాజు. మా తాతల కాడి నుంచి మా ఊర్లో ఆడే నాటకం ఒకటే. దానికి పేరు వేరే ఏందో ఉండాది గానీ మేమంతా రాజు నాటకం అంటాం.

కథ శానా సులువు. రాజును వాని దాయాదే మోసం చేసి చంపుతాడు. రాణి ఏడవదు. మొగుని నెత్తుటి అంగీని ఉతక్కుండా పెట్టెలో దాస్తాది, చంకలో బిడ్డకు కత్తి పట్టేది నేర్పుతాది. బిడ్డ పెద్దోడై, ఆ అంగీ భుజాన వేసుకొని పోయి దాయాదిని నరుకుతాడు. నరికేటప్పుడు తెర వెనక నుంచి కుంకుమ నీళ్లు పోసిన గుమ్మడికాయ దొర్లిస్తారు. ఇంగ చూడల్ల మా ఊరి జనాన్ని. ఈలలు, తువ్వాళ్లు ఎగరేసేది, నోట్లు గుచ్చిన దండలు. అంతలోనే హార్మోనియం రాగం మారుతాది. చచ్చినోళ్లంతా లేచి, పంచెలకంటిన దుమ్ము దులుపుకొని, చంపినోళ్ల పక్కనే వరసగా నిలబడి మంగళం పాడతారు. శవాల మీద తెర దించితే ఊరికి చెడు జరుగుతాదని మా కాడ కట్టడి. మా నాయన మొదట్లోనే చచ్చేవాడు. మంగళానికి లేచొచ్చి, ఆ పౌడరు మొగంతోనే నన్ను ఎత్తి భుజం మీద కూచోబెట్టుకునేవాడు. నేను దానికోసమే తెల్లార్లూ నిద్రపోకుండా కాసుకోనుండేదాన్ని.

నాటకం చూసి మావాళ్లు పగ నేర్చినారో, మావాళ్లను చూసి ఎవడన్నా నాటకం రాసినాడో నాకు తెలీదు. రెండూ ఒకటే అయిపోయినాయి.

పంచాయతీ ఎలక్షన్ల కాడ మా నాయనకూ ఆదినారాయణకూ పడలే. ఆదినారాయణ మా ఊరే, మాకు దూరపు చుట్టం గూడా. తిరునాళ్లకు ముందర కిరీటాలూ కత్తులూ బాడిగకు తెచ్చేదానికి మా నాయన ప్రొద్దుటూరు పోతా నన్నూ తోడు తీసకపోయినాడు. జమ్మలమడుగులో బస్సు మారల్ల. నాకు సోడా కొనిచ్చినాడు. నేను గోలీ ఆడిస్తా తాగుతాంటే పెద్ద చప్పుడైంది, పొగ. నాటుబాంబు వేసినారు. పొగలో నుంచి ఆదినారాయణ, వాని వెనక ముగ్గురు, వేటకొడవండ్లతో వచ్చినారు. మొదటి వేటు మా నాయన చెయ్యి అడ్డం పెట్టినాడు, చెయ్యి మోచేతి కాడికి పోయింది. తర్వాత మెడ మీద. కిందపడినాక గూడా వీపు మీద నరికినారు. సోడా అమ్మేటాయన నన్ను బండి కిందికి లాగినాడు. వాళ్లు పోయినాక నేను బయటికొచ్చి మా నాయన పక్కన కూచున్నా. ఏడవలే. జనం దూరంగా నిలబడి నన్ను చూస్తాండారు. నేను నాయనను చూస్తాండా. మంగళానికి లేస్తాడు గదా అని.

పోలీసులొచ్చి ఎత్తేంతవరకూ అట్లనే కాసుకోనుండినా.

మాయమ్మ తిరుపాలమ్మ, నాటకంలో రాణి చేసినట్లే చేసింది. అంగీ ఉతకలే. కర్పూరం బిళ్లలేసి పెట్టెలో పెట్టింది. మా తమ్ముడు మహేంద్ర అప్పటికి పాలు తాగే బిడ్డ. ప్రతి దసరాకూ ఆయుధపూజ రోజు వానితో గుమ్మడికాయ నరికించేది. మొదట్లో చిన్న కొడవలి, తర్వాత పెద్దది, తర్వాత గుమ్మడికాయ చాలక అరటి బోదెలు. పక్కనే నిలబడి చెప్పేది. "మణికట్టు వంచొద్దు నాయనా. బలమంతా భుజంలో ఉండల్ల." వాడు ఎక్కాలు మరిచిపోయినా ఇది మరవలే. నాకు చూసి చూసి ఒళ్లు మండేది. ఒకసారి కొడవలి ఎత్తకపోయి బావిలో పారేసినా. మాయమ్మ నన్ను బావిగట్టుకు కట్టేసి కొట్టి, మనిషిని దించి కొడవలి తీయించింది. పెండ్లి చేసుకొని ప్రొద్దుటూరు చేరినాకనే నాకు కండ్ల నిండా నిద్ర పట్టింది.

ఆదినారాయణకు యావజ్జీవం పడింది. శానా ఏండ్లు లోపలుండి, మొన్న ముసిలోడై బయటికొచ్చినాడు. ఊరికి రాలే. జమ్మలమడుగులో కూతురి కాడ ఉండాడు. సోమవారం సోమవారం పోలీసు స్టేషనుకు పోయి సంతకం పెట్టల్ల. ఈ సంగతి మహేంద్రకు తెలిసింది. ముద్దనూరులో వాని సావాసగాళ్లు ఇద్దరు బండి ఎక్కేటట్ల, స్టేషను ముందర మలుపులో ముసిలోన్ని పట్టుకునేటట్ల మాట్లాడుకున్నారు. మాయమ్మ నాకు ఫోను చేసి, ఆదివారానికి రమ్మనింది. సోమవారం తమ్ముడు పనికి బయల్దేరతాండాడు, ఆడబిడ్డవు నువ్వు బొట్టు పెట్టి పంపల్ల అనింది. పెండ్లిచూపులకు పిలిచినట్లే పిలిచింది. ఉండేది ఒక్క తమ్ముడు. ముసిలోడు చస్తే వీడు జైలుకు పోతాడు, లేదా వాళ్లెవరో వీన్ని చంపుతారు. పోలీసులకు చెప్దామంటే, ఒక్క ఫోనుకే వీని బతుకు ముగుస్తాదని చెయ్యి ఆడలే.

ఆ వారమే హఫీజా నాకు ఆ పుస్తకం ఇచ్చింది. హఫీజా నాతోపాటు అంగట్లో చీరలు చూపిస్తాది. వాళ్ల నాయన అజ్మతుల్లా సాబు మా పల్లెలన్నిటికీ నాటకాలు నేర్పిన హార్మోనియం మేష్టరు, పోయినేడు చనిపోయినాడు. పెట్టె సర్దుతాంటే రాజు నాటకం అచ్చు పుస్తకం దొరికిందంట. మీ నాయన వేసిన వేషం గదా, నీ కాడ ఉండనీ అని తెచ్చిచ్చింది. మధ్యాన్నం అన్నం తింటా తిరగేసినా. దాయాది తల పడే కాడ పెన్సిలుతో అడ్డగీత, పక్కన సాబు రాత: ఈడ మంగళం. ఆ గీత కింద ఇంకా ఒక రంగం ఉండాది. దాన్ని నిలువునా కొట్టేసినారు. మేం ఎవురమూ చూడని రంగం.

చదివినా. దాయాదిని చంపిన కొడుకు బావి కాడ చేతులు కడుక్కుంటాంటాడు. వెనక నుంచి దాయాది కూతురు వస్తాది. తండ్రి చేతిలో నుంచి జారిన కత్తి ఎత్తి, వాని మెడ మీద నరుకుతాది. రాణి హారతి పళ్లెం పట్టుకొని, గెలిచిన కొడుక్కు ఎదురొస్తాది. వచ్చి చూస్తే కొడుకు బావిగట్టు మీద పడుండాడు. ఆ పిల్ల కత్తి పట్టుకొని నిలబడుండాది. రాణి ఏడవకుండా ఒకే మాట అడుగుతాది, నీకు కత్తి పట్టడం నేర్పినది ఎవరు అని. ఆ పిల్ల చెప్తాది, నీవే తల్లీ అని. అంతే. పుస్తకం ఆడ అయిపోతాది, మంగళం లేదు. ఎవురూ లేవరు.

నా చేతిలో ముద్ద ఎండిపోయింది. మూడు తరాలు సగం నాటకం చూసి ఈలలు కొట్టినామా అని నాకు రేగిపోయింది. హఫీజాను అడిగితే, వాళ్ల నాయన ఆ రంగం నేర్పుతానని ప్రతి ఊర్లోనూ అడిగేవాడంట, ఒక్క ఊరు గూడా ఒప్పుకోలేదంట. పెద్దలంతా కూచొని అరిష్టమని కొట్టేయించినారు. అరిష్టమంట. పెన్సిలు గీస్తే పోయే అరిష్టమైతే మా నాయన యాల చచ్చె?

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, పులివెందులలో మారి, ఊరు చేరినా. మహేంద్ర ఇంట్లో లేడు. మాయమ్మ చేతిలో పుస్తకం పెట్టినా. ఆయమ్మ అయిదో తరగతి, వేలు పెట్టి చదువుతాది. రాజు నాటకం అచ్చులో చూసి మొగం ఇంతయింది. మా నాయన పద్యాలొచ్చిన చోట నిలబడి, ఈడ తప్పు అచ్చేసినారే, మీ నాయన ఇట్ల గాదు అనేది అని రాగం తీసి వినిపించింది. రాణి మాటలు చూడకుండానే చెప్పింది. గీత కాడికి వచ్చినాక, ఇంగ మంగళమే గదా అని మూయబోయింది. చదువమ్మా అని నేను వేలు పట్టుకొని గీత కింద పెట్టినా. చదివింది. ఆఖరి మాట రెండు మార్లు చదివింది. అప్పుడే నన్ను కొట్టింది.

కొట్టి, పుస్తకం వాకిట్లోకి విసిరేసి, రాసినోని తల్లిని, వాని వంశాన్ని, అచ్చేసినోన్ని తిట్టింది. రాణి పరువు తీసినాడంట. మొగుడు చచ్చిన ఆడదాని కడుపులో ఏముంటాదో ఆ ముండాకొడుక్కు ఏం తెలుసంట. తనే గనక ఆ కాలంలో ఉండుంటే వాని కుడిచెయ్యి తెంపేదంట. నేనూ ఊరుకోలే. నీ కొడుకును గూడా బావిగట్టు మీద పండబెట్టు పో, హారతి నేనే పట్టుకొస్తా అన్నా. సరిగ్గా అప్పుడే మహేంద్ర బొలెరో దిగినాడు. నా మాట విన్నాడు. వచ్చీరాగానే నా జుట్టు పట్టి స్తంభానికేసి కొట్టినాడు. కండ్లు బైర్లు కమ్మినాయి. నేను పెంచిన తమ్ముడు. వాన్ని నా చంకలో వేసుకొని తిప్పినా. వాని మొగంలో నాకు జమ్మలమడుగు పొగ కనబడింది, నాకు భయమేసింది. అపశకునం మాటలు మాట్లాడితే నాలుక కోస్తానన్నాడు. రేపు బొట్టు పెట్టి, నీ దావన నువ్వు పో అన్నాడు.

సాయంత్రం వాడు సావాసగాళ్ల కాడికి పోయినాక మాయమ్మ వాకిట్లోకి దిగింది. కోళ్లు పుస్తకం మీద నిలబడి ఉండాయి. అదిలించి, పుస్తకం ఎత్తి, కొంగుతో తుడిచి, అరుగు మీద కూచొని మళ్లీ ఆ రంగమే చదువుకుంది. నేను దగ్గరికి పోలే. స్తంభం తగిలిన కాడ తల పగిలిపోతాండాది, కోపం గూడా తగ్గలే. శానాసేపటికి ఆయమ్మే అడిగింది.

"ఆదినారాయణకు కూతురుండె గదా. ఏం చేస్తాది?"

దీప్తి, జమ్మలమడుగులో బడిలో టీచరు, మహేంద్ర కంటే రొంత పెద్దది అని చెప్పినా. ఎవురు పెంచినారని అడిగింది. ఇంగెవురు, వాళ్లమ్మే, మొగుడు జైల్లో ఉంటే ఒక్కతే పెంచింది అన్నా. మాయమ్మ పుస్తకం మూసి, సంగటి కెలకేదానికి లోపలికి పోయింది. ఆ ప్రశ్నలు విని నాకు ఆశ పుట్టింది గానీ, పొద్దున లేచేసరికి ఆ ఆశ పాయె. మాయమ్మ పెట్టె తెరిచి అంగీ తీసింది. పళ్లెంలో కుంకుమ, బియ్యం సర్ది నా చేతికిచ్చింది.

మహేంద్ర నీళ్లు పోసుకొని వచ్చినాడు. మాయమ్మే అంగీ వాని భుజం మీద వేసింది. అది అట్టలాగా బిగుసుకొని ఉండాది, నెత్తురు నల్లబడింది. వాడు కొడవలి చేతికి తీసుకొని నా ముందర నిలబడినాడు. పెట్టు అన్నాడు. నేను పెట్టనన్నా. మళ్లీ అడిగినాడు. నేను పళ్లెం ఎత్తి గడప మీదికేసి కొట్టినా. కుంకుమంతా వసారాలో చిందింది. వాడు ఎడమచేత్తో నన్ను మూతి మీద కొట్టినాడు, పెదవి చిట్లింది. ఇంగోటి కొట్టేదానికి చెయ్యెత్తినాడు. మాయమ్మ మధ్యలోకి వచ్చింది. దాన్ని ఇడిచిపెట్టు, కొడవలి ఇట్ల చూపించు, పదును చూస్తా అనింది.

వాడు పిడి వదలకుండా కొడవలి చాపినాడు. అప్పుడే వాని ఫోను మోగింది. ముద్దనూరులో వాళ్లు కాసుకోనుండారు. మాయమ్మ నాలుగు వేళ్లూ కొడవలి లోపలి వైపు, పదును మీద ఆనించి, వాని మొగంలోకి చూసింది.

"కత్తి పట్టేది నీకు నేర్పిందెవురు నాయనా?"

"నువ్వే గదమ్మా," అని నవ్వినాడు వాడు. వానికి ఏం తెలుసు.

"అయితే ఈ చేతిని తెంపి, ఆమీట పో," అనింది. అని, పిడికిలి బిగించింది.

నెత్తురు మణికట్టు మీదుగా మోచేతికి కారింది. ఇడువమ్మా అని వాడు అరిచినాడు. ఆయమ్మ ఇడవలే. ఇంకా బిగించింది. ఫోను మోగుతానే ఉండాది. నేను పరిగెత్తి మాయమ్మ నడుం పట్టుకున్నా, కదల్లే. ఇడువు, పొద్దుపోతాంది అని వాడు కోపంగా కొడవలిని గుంజినాడు. ఆయమ్మ ఏండ్ల తరబడి నేర్పినట్లే గుంజినాడు. మణికట్టు వంచలే, బలమంతా భుజంలో నుంచి వచ్చింది.

రెండు వేళ్లు తెగి, గడప మీద కుంకుమ బియ్యంలో పడినాయి. మూడోది చర్మానికి వేలాడతాండాది. మాయమ్మ అరవలే. కొడుకును చూస్తా మెల్లగా గోడకు ఆనుకొని కూలబడింది. మహేంద్ర చేతిలో కొడవలి కిందపడింది. వాడు తెగిన వేళ్లను చూసినాడు, తన చేతిని చూసినాడు. చిన్నపిల్లోని మాదిరి అమ్మా అన్నాడు. నేను గుడ్డ తే, గుడ్డ తే అని అరుస్తాండా. వానికి ఏం తోచక, భుజం మీద ఉండే అంగీ లాగి ఆ చేతికి చుట్టినాడు. బిగుసుకోనుండే గుడ్డ తడవగానే మెత్తబడింది. నల్లటి నెత్తురు మీదికి ఎర్రటి నెత్తురు వచ్చి, కాసేపటికి ఏది ఎవరిదో తెలీలే.

తెగిన వేళ్లను గ్లాసులో వేసుకొని నేను వెనక కూచున్నా, మాయమ్మ తల నా ఒళ్లో. బొలెరో ముద్దనూరు దావ పట్టకుండా పులివెందుల దావ పట్టింది. ఫోను ఆగకుండా మోగుతాంటే, ముందు సీటు మీద నుంచి తీసి కిటికీలో బయటికి విసిరేసినా. మహేంద్ర వెనక్కి తిరగలే, ఏడుస్తా నడుపుతాండాడు. మాయమ్మ పెదవులు తెల్లబడినాయి. నిద్రపోవద్దమ్మా, ఏదన్నా మాట్లాడు అని నేను చెంపలు తట్టినా. ఆయమ్మ కండ్లు తెరిచింది.

"ఆ రాసినోన్ని శానా తిట్టినా సుధా," అనింది. "వాడు నిజమే రాసినాడు."

ఆస్పత్రిలో డాక్టరు ఆ వేళ్లు ఇంగ అతకవని చెప్పినాడు. నర్సు కత్తెరతో అంగీని చీలికలుగా కోసి, చేతి మీద నుంచి ఊడదీసి, పచ్చబకెట్లో పడేసింది. మహేంద్ర ఒక్క అడుగు ముందుకేసి, అది మా నాయన, అని ఆగిపోయినాడు. నర్సు తలెత్తి, ఆ గుడ్డతో ఏమన్నా పని ఉందా అని అడిగింది. వాడు మాయమ్మను చూసినాడు. మాయమ్మ అంగీ వైపు చూడను గూడా చూడలే. పారెయ్యి తల్లీ, పాతగుడ్డ అనింది.

కుట్లేసేదానికి మమ్మల్ని బయటికి పంపినారు. గోడ మీద గడియారంలో, ఆదినారాయణ సంతకం పెట్టి ఇంటికి పోయే టైము ఎప్పుడో దాటింది. మహేంద్ర నేల మీద కూచున్నాడు, మోచేతుల దాకా నెత్తురు. నా చిట్లిన పెదవి చూసి మొగం తిప్పుకున్నాడు. మళ్లీ తిరిగి, అక్కా, అమ్మ ఆ మాట యాల అడిగింది అన్నాడు. నేను వానికి గీత కింది రంగం చెప్పినా. బావిగట్టు, చేతులు కడుక్కునేది, వెనక నుంచి వచ్చే ఆడబిడ్డ, హారతి పళ్లెం, రాణి అడిగిన మాట, ఆ పిల్ల చెప్పిన జవాబు. వాడు తలొంచుకొని అంతా విన్నాడు. లేస్తారా అని అడిగినాడు. ఎవురూ లేవరు అని చెప్పినా.

ఆ మూల కొళాయి ఉండాది. వాడు లేచిపోయి తిప్పినాడు. మోచేతుల కాడి నుంచి నెత్తురు కడుక్కుంటా, ఉన్నట్టుండి ఆగి, మెడ తిప్పి వెనక్కి చూసినాడు. వాడు భయపడటం నేను చూడటం అదే మొదటిసారి. నేను దగ్గరికి పోయి, కొంగు వాని చేతికిచ్చినా. ఎవురూ లేరురా, నేనే, కడుక్కో అన్నా.